వంట మానక్కర్లేదు, ఏ పూట మానాలో తేల్చుకోండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకు 82. నాన్నగారు పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. బీపీ, షుగర్ ఉన్నాయి, మాత్రలు వేసుకుంటుంది. కట్టుడు పళ్లు. పొద్దున ఏడింటికల్లా మధ్యాహ్నానికి కూడా వండి, టేబుల్ మీద మూతపెట్టి వెళ్తాను. సాయంత్రం వచ్చి చూస్తే సగం అలాగే ఉంటుంది. ఆరు నెలల్లో 54 కిలోల నుంచి 50కి దిగింది. రాత్రి వంట దగ్గరికి వచ్చేసరికి నాలో ఓపిక ఉండదు. ఈమధ్య చిన్న మాటకే అమ్మను కసురుకుంటున్నాను, ఆ తర్వాత కూర్చుని ఏడుస్తున్నాను. రెడీగా దొరికే భోజనాలు తెప్పిద్దామంటే అమ్మ "బయటి తిండి నాకొద్దు" అంటుంది. వేరే ఊళ్లో ఉండే అన్నయ్య ఫోన్ చేసి "అమ్మకి వండిపెట్టడం కూడా కష్టమేనా" అంటాడు. ఎలాంటివి ఎంచుకోవాలి? అసలు ఇలా చేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: చేయొచ్చు. మీరు చివర్న అడిగినదానికే ముందు జవాబు చెప్తున్నాను. ఉత్తరం మొత్తంలో మిమ్మల్ని ఎక్కువగా కోస్తున్నది ఆ ప్రశ్నేనని తెలుస్తూనే ఉంది. కన్నతల్లికి ఒక పూట బయటి నుంచి భోజనం తెప్పించడమంటే ఆమెను గాలికొదిలేయడం కాదు. ఇప్పుడు మీ అమ్మగారు తింటున్నది మీ చేతి వంటే, కానీ మీ విసుగుతో కలిపి తింటున్నారు. అలా తిన్నది ఎంత ఇంటి వంటైనా ఏం ఒంటబడుతుంది?

డబ్బాల సంగతికి వెళ్లేముందు రెండు మాటలు. రెండూ తొందరవే.

మొదటిది బరువు. 54 కిలోల్లో నాలుగు కిలోలంటే నూటికి ఏడు పైమాటే. పెద్దవయసులో కావాలని తగ్గకుండా, ఆరు నెలల నుంచి ఏడాది లోపు నూటికి ఐదుకు మించి బరువు తగ్గితే డాక్టర్లు దాన్ని మామూలుగా తీసుకోరు. "వయసైపోయింది కదా, తిండి తగ్గుతుంది" అని సరిపెట్టుకునే తగ్గుదల కాదిది. కారణం నోట్లో ఉండొచ్చు, మందుల్లో ఉండొచ్చు. షుగర్‌కి చాలామంది వాడే మెట్‌ఫార్మిన్ కొందరిలో ఆకలిని చంపేస్తుంది. థైరాయిడ్ కావచ్చు, మలబద్ధకం కావచ్చు, నాన్నగారు పోయిన దిగులు ఇంకా లోపలే ఉండి ఉండొచ్చు. ఇలాంటివేవైనా ఉంటే ఎంత మంచి భోజనం తెప్పించినా సగం మిగులుతూనే ఉంటుంది. ఈ వారంలోనే చూపించండి.

అంతకంటే ముందు ఒక ఫోన్ చేయండి. అమ్మ సగమే తింటోందని, షుగర్ మాత్ర మాత్రం పూర్తిగానే వేసుకుంటోందని డాక్టరుకు చెప్పండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు, ఇన్సులిన్ అయితే తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతూనే ఉంటాయి. అది మరీ పడిపోతే చెమటలు, వణుకు వస్తాయని అందరికీ తెలుసు. పెద్దవాళ్లలో ఒక్కోసారి ఆ గుర్తులేమీ ఉండవు, ఉత్త మగతగా, తికమకగా ఉంటారు. చూసేవాళ్లకు కునుకుపాటులాగే అనిపిస్తుంది. మోతాదు మీరు మార్చకండి, అడిగి మార్పించండి.

ఆ మాటల్లోనే పత్యం గురించి కూడా అడగండి. ఉప్పు వద్దు, తీపి వద్దు, కొవ్వు వద్దు అని ఎప్పుడో రాసిచ్చిన కాగితం ఇప్పటికీ మీ వంటింటిని ఏలుతూ ఉండొచ్చు. 82 ఏళ్ల మనిషి, బరువు తగ్గిపోతున్న మనిషి, చప్పిడి తిండి తినలేక పక్కన పెట్టేస్తుంటే ఆ పత్యం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. వృద్ధుల పోషకాహారంపై యూరప్ నిపుణుల సంఘం ఎస్పెన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, తిండిని తగ్గించేసే కట్టుబాట్లు పెద్దవాళ్లకు పెట్టొద్దనే ఉంది. ఏది సడలించొచ్చో, ఏది కుదరదో మీ డాక్టరే చెప్పాలి.

రెండోది, ఆ టేబుల్ మీది గిన్నె. వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల దాకా ఉండే వేడిలో సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. ఏడింటికి మూతపెట్టినది ఒంటిగంటకు తింటే ఆరు గంటలు. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఇంటి వంట కదా అని మీరు ధీమాగా ఉన్న ఆ గిన్నె కన్నా, అప్పటికప్పుడు వండి వేడిగా చేతికిచ్చే బయటి భోజనమే నయం. అన్నయ్య ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క ఆయన చెవిన వేయండి.

ఇక మీరడిగిన విషయం. "మంచి రెడీమేడ్ భోజనం ఏది" అని వెతకడం మొదలుపెడితే తల తిరిగిపోతుంది. పేరు పేరుకీ ప్రకటన, ప్రతి ప్రకటనలోనూ నవ్వే అవ్వ. ముందు తేల్చుకోవాల్సింది ఏ పూట మీ ప్రాణం తీస్తోందన్నది. మీ ఉత్తరంలో రెండు పూటల కష్టం ఉంది, ఆ రెండూ ఒకటి కావు. మధ్యాహ్నం అమ్మ ఒక్కరే ఉంటారు, అప్పుడు కావాల్సింది వేడి తిండి, ఒక మనిషి మొహం. రాత్రి మీరు ఇంట్లోనే ఉంటారు, లేనిది మీ ఓపిక. పొద్దున తిండి కష్టమవుతోందని మీరు ఎక్కడా రాయలేదు. అంటే అది ఎలాగో సాగిపోతోంది, దాని జోలికి పోకండి. మూడు పూటలూ ఒక్కసారే బయటికి అప్పగిస్తే అమ్మ బెంబేలెత్తిపోతారు, మీకూ ఏదో పెద్ద తప్పు చేశానన్న బెంగ పట్టుకుంటుంది.

మధ్యాహ్నానికి నా సలహా, రోజూ వేడిగా ఇంటికి తెచ్చిచ్చే భోజనం. ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లే డబ్బా చవకగా రావచ్చు, సులువుగా కూడా అనిపించొచ్చు. కానీ మీరు కొనేముందు ఒక సెలవురోజు ఆ డబ్బాను అమ్మ చేతికిచ్చి, మీరు సాయం చేయకుండా పక్కన కూర్చుని చూడండి. మూత మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని లాగడానికి మూలన గోరంత కొస వదులుతారు. కీళ్లనొప్పుల వేళ్లకు అది దొరకదు. దొరికినా జారిపోతుంది. అప్పుడు చాకు కోసం లేస్తారు. వేడిచేశాక పొర తీస్తే ఆవిరి నేరుగా మణికట్టు మీదికి కొడుతుంది. అడుగు మెత్తబడిన ట్రేని రెండు చేతులా పట్టుకుని ఓవెన్ దగ్గర్నుంచి టేబుల్ దాకా నడవాలి, చేతికర్ర వాడేవాళ్లకైతే అదీ కుదరదు. ఇంత తతంగం పడలేక చాలామంది పెద్దవాళ్లు రెండు బిస్కెట్లు తిని, సాయంత్రం అడిగితే "తిన్నాలే" అనేస్తారు. మీ అమ్మగారు ఇదంతా హాయిగా చేసుకోగలిగితే చల్లటి డబ్బా కూడా బాగానే పనిచేస్తుంది. చేసుకోలేకపోతే, అందులో ఎన్ని పోషకాలున్నా లేనట్టే.

వేడి భోజనం తెచ్చిచ్చే మనిషి రోజూ తలుపు తడతాడన్నది ఇంకో లాభం. అమెరికాలో 1954లో ఫిలడెల్ఫియాలో మొదలైన మీల్స్ ఆన్ వీల్స్ లాంటి సేవల్లో మొదట్నుంచీ ఈ పలకరింపు కూడా భోజనంలో భాగమే. తలుపు తీయకపోతే ఎవరో ఒకరికి తెలుస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు అదేం చిన్న విషయం కాదు.

ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయంటే, ప్రకటనలు చివర్న చూడండి. ముందు అమ్మను చూసే ఆస్పత్రిలోని డైటీషియన్‌ను అడగండి, ఎవరు బాగా పంపుతారో వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. పెద్దల సంక్షేమం చూసే ప్రభుత్వ కార్యాలయం, స్వచ్ఛంద సంస్థలు, ప్రార్థనా స్థలాల్లో నడిచే వంటశాలలు, దగ్గర్లో ఇంటి నుంచే వండి పంపే వాళ్లు, ఇవన్నీ విచారించండి. జనానికి అంతగా తట్టని చోటు ఇంకోటుంది, మీకు దగ్గర్లోని వృద్ధాశ్రమం. వాళ్లు రోజూ మెత్తగా, తక్కువ ఉప్పుతో వండుతూనే ఉంటారు. బయటికి ఒక భోజనం కట్టిస్తారేమో అడిగితే పోయేదేం లేదు.

ఫోన్ చేసినప్పుడు "బాగుంటుందా" అని అడక్కండి, బాగుంటుందనే చెప్తారు. ఎన్నింటికి వండుతారు, ఎన్నింటికి తెస్తారు అని అడగండి. చేతికిస్తారా, గుమ్మంలో పెట్టి వెళ్లిపోతారా? మెత్తగా కావాలంటే వేరే చేస్తారా? ఉప్పు ఎంత వేస్తారో చెప్పగలరా? ఒక్క రోజుకి తెప్పించుకుని చూడొచ్చా, లేక నెల మొత్తానికి కట్టాలా? వద్దనుకుంటే ఎన్ని గంటల ముందు చెప్పాలి? నెల డబ్బు ముందే కట్టమని పట్టుబట్టేవాళ్లను నేనైతే వదిలేస్తాను. అమ్మకు నచ్చుతుందో లేదో తెలియకుండా ముప్పై భోజనాలు ఎవరు కొంటారు?

రాత్రి పూటకు గడ్డకట్టించిన భోజనాలు, అంటే ఫ్రోజెన్‌వి, సరిపోతాయి. వేడిచేయడానికి మీరున్నారు కదా. ఇంకో మధ్యే దారి కూడా ఉంది: కడిగి తరిగిన కూరగాయలు, ఉడికించి ప్యాక్ చేసిన పప్పుధాన్యాలు, శుభ్రం చేసిన చేప, చికెన్ కొనుక్కోవడం. వంటలో మనిషిని పిండేసేది పొయ్యి మీద కలిపే పది నిమిషాలు కాదు, అంతకుముందు తరగడం, తర్వాత తోమడం. ఆ రెండూ తీసేస్తే మీకు వంట మీద మళ్లీ ఇష్టం పుట్టినా పుట్టొచ్చు. వారంలో రెండు మూడు రాత్రులు ఇలా, మిగతా రాత్రులు ఫ్రోజెన్. ఏ రాత్రి ఏదన్నది సాయంత్రం ఇంటికొచ్చి ఆలోచించకండి, ముందే రాసిపెట్టుకోండి. అలసిపోయిన బుర్రకు "ఇవాళేం చేయాలి" అన్న ప్రశ్నే సగం బరువు.

ఇప్పుడు నోటి సంగతి. నా అనుమానమంతా దీనిమీదే ఉంది. కట్టుడు పళ్లు అని ఒక్క మాట రాసి వదిలేశారు. బరువు తగ్గినప్పుడు, ఏళ్లు గడిచి చిగురు కింది ఎముక అరిగినప్పుడు పళ్ల సెట్టు వదులవుతుంది. వదులైన సెట్టుతో నమిలితే చిగురు ఒరుసుకుపోతుంది. ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడి "ఆకలి లేదు" అంటారు. సాయంత్రం మిగిలిన సగంలో ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. మెత్తనివి అయిపోయి గట్టి ముక్కలు మిగిలితే జవాబు దొరికినట్టే, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అన్నీ సమానంగా మిగిలితే అది ఆకలి సమస్య. కొన్ని బీపీ మాత్రల వల్ల నోరు ఎండిపోతుంది కూడా, అప్పుడు పొడిగా ఉన్నదేదీ గొంతు దిగదు. పక్కన గ్రేవీయో పెరుగో ఉంటే అదే తిండి దిగుతుంది.

తింటూ మధ్యలో దగ్గడం, తిన్నాక గొంతు తడితడిగా గరగరలాడటం, బుగ్గలో ముద్ద ఉండిపోవడం, మాటిమాటికీ ఛాతీలో కఫం పట్టడం, వీటిలో ఏదైనా ఉంటే అది నమలడం కాదు, మింగడంలో ఇబ్బంది. దాన్ని స్పీచ్ థెరపిస్ట్, అంటే మాటతో పాటు మింగడంలో ఇబ్బందులు కూడా చూసే నిపుణులు, పరీక్షించాలి. ఈ ఇబ్బంది ఉన్నవాళ్ల ఆహారానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ పద్ధతిలో 0 నుంచి 7 దాకా మెట్లున్నాయి. కొన్ని ప్యాకెట్ల మీద ఆ అంకె ఉంటుంది. 4 అంటే ఉండల్లేని మెత్తటి ముద్ద. 5 అంటే పెద్దవాళ్లకు 4 మిల్లీమీటర్లు మించని తురుము, తడిగా. 6 అంటే ఒకటిన్నర సెంటీమీటర్లు మించని మెత్తటి ముక్కలు. ఏ మెట్టు కావాలో మనకు మనం నిర్ణయించకూడదు. ముక్క మెత్తదనం మాత్రం ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫోర్కుని ముక్క మీద పెట్టి బొటనవేలితో నొక్కండి, గోరు తెల్లబడేంత. ముక్క నలిగి, ఫోర్కు తీశాక మళ్లీ లేవకపోతే మెత్తగా ఉన్నట్టు. లేచిందంటే రబ్బరే. ఫోటోలో ఎంత నోరూరించినా ఆ భోజనం మీ అమ్మగారికి కాదు. ఇంకో మాట, పల్చటి సూప్‌లో గట్టి ముక్కలు తేలుతుండేవి చూడ్డానికి తేలిగ్గా ఉన్నా మింగేటప్పుడు ఇబ్బంది పెట్టేవి అవే. నీళ్లు ముందు గొంతులోకి జారిపోతాయి, ముక్క నోట్లోనే ఉంటుంది.

ప్యాకెట్ వెనక చదవాల్సినవి రెండే, సోడియం, ప్రొటీన్. రోజుకు సోడియం 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే 5 గ్రాముల ఉప్పు. కాబట్టి ఒక భోజనంలో 600 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటే రోజు మొత్తం మీద అదుపులో ఉంటుంది. ఇక్కడే మోసపోతాం: లేబుల్ మీద "350" అని చూసి సంబరపడతాం, పక్కన చిన్న అక్షరాల్లో "100 గ్రాములకు" అనో "ఒక సర్వింగ్‌కు, ప్యాకెట్‌లో రెండు" అనో ఉంటుంది. అంటే రెండు సర్వింగ్‌లున్న ట్రే మొత్తం తింటే 700. కొన్ని చోట్ల సోడియం రాయకుండా ఉప్పు అని రాస్తారు, సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే వచ్చేది ఆ ఉప్పు. ఉప్పు తగ్గిందని అమ్మ పెదవి విరిస్తే నిమ్మరసం, మిరియాల పొడి చల్లండి. "తక్కువ సోడియం ఉప్పు" మాత్రం డాక్టరును అడక్కుండా వేయకండి, చాలావాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్లకు అది ప్రమాదం.

ప్రొటీన్ సంగతిలో జనం పొరబడతారు, పెద్దవాళ్లకు తక్కువ చాలనుకుంటారు. కిలో బరువుకు రోజుకు కనీసం ఒక గ్రాము కావాలి, అంటే మీ అమ్మగారికి 50 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు, డాక్టరు చెప్పినంతే. మామూలుగా అయితే ప్రధాన భోజనంలో 15 నుంచి 20 గ్రాములు ఉండాలి. ముసలివాళ్లకని అమ్మే కొన్ని "తేలిక" భోజనాల్లో 8 కూడా ఉండదు, పిండిపదార్థమూ నాలుగు క్యారెట్ ముక్కలూ. అలాంటివి కొన్నా నష్టం లేదు, పక్కన ఉడికిన గుడ్డు పెడితే ఇంకో 6 గ్రాములు, కప్పు పాలిస్తే 8 గ్రాముల దాకా చేరతాయి. సూప్‌లో పాలపొడి కలపడం, వెన్న వేయడం లాంటివి కూడా పనిచేస్తాయి, పరిమాణం పెరగకుండా బలం పెరుగుతుంది. పెద్ద పళ్లెం చూస్తేనే ఆకలి చచ్చిపోయేవాళ్లకు ఈ కిటుకే గతి. డబ్బాల్లో వచ్చే పోషక పానీయాలు భోజనానికి బదులు ఇవ్వకండి, రెండు పూటల మధ్య ఇవ్వండి. షుగర్ ఉంది కాబట్టి ఏది ఇవ్వాలో అడిగి ఇవ్వండి.

నిల్వ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు, ఫ్రీజర్ మైనస్ 18. ఫ్రిజ్‌లో పెట్టిన వంట మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. గడ్డకట్టినది వేడిచేసే విధానం ప్యాకెట్ మీద ఉంటుంది. దాన్ని కరిగించాలని రాసి ఉంటే ఫ్రిజ్‌లోనే కరిగించండి, వంటింటి గట్టు మీద కాదు. మైక్రోవేవ్ అంచుల్ని మరిగించి నడుమ చల్లగా వదిలేస్తుంది. మధ్యలో ఆపి కలపండి, మొత్తం పొగలు కక్కేదాకా వేడిచేయండి, రెండు నిమిషాలు ఆగి పెట్టండి. మిగిలింది మళ్లీ వేడిచేయొద్దు.

అమ్మ "బయటి తిండి నాకొద్దు" అన్నారు. దాని వెనక ఏముందో అడిగారా? పెద్దవాళ్లు ఆ మాట అన్నప్పుడు ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్కటి ఉంటుంది. ఖర్చు అని కొందరికి దిగులు. ఎవరు వండారో ఏమో అని కొందరికి అసహ్యం. "ఇవాళ తిండి బయటినుంచి, రేపు నన్నే బయటికి" అన్న భయం కొందరికి, దాన్ని మాత్రం పైకి అనరు. మీ అమ్మగారిది ఏదో తెలిస్తేనే దానికి మందు. ఖర్చయితే లెక్క చూపించండి. భయమైతే నోరు తెరిచి చెప్పండి: "అమ్మా, నువ్వు నా దగ్గరే ఉంటావు. నాకు ఓపిక మిగలాలనే ఇది." పంతానికి పోకండి. రెండు చోట్ల నుంచి ఒక్కో భోజనం తెప్పించి, మీరిద్దరూ కూర్చుని చెరో చెంచా రుచి చూసి, ఏది పనికొస్తుందో ఆమెనే తేల్చమనండి. ఎన్నేళ్లో వంటింటిని నడిపిన మనిషి, తప్పులు పట్టడంలో ఆమెను మించినవాళ్లుండరు. ఆ పెద్దరికం ఆమెకే వదిలితే "బయటి తిండి" కాస్తా "నేను ఎంచిన తిండి" అవుతుంది.

బయటిది తెచ్చి గిన్నెలో పోసి "నేనే వండాను" అని మాత్రం చెప్పకండి. మొదటి ముద్దకే పట్టేస్తారు. ఆ తర్వాత మీరు నిజంగా వండినదాన్ని కూడా అనుమానంగా చూస్తారు. డబ్బాలోంచి తీసి రోజూ తినే పళ్లెంలో పెట్టడంలో మాత్రం మోసమేమీ లేదు, అలాగే పెట్టండి. చూపు మందగించినవాళ్లకు తెల్లటి పళ్లెంలో తెల్లటి తిండి కనిపించదు, రంగు పళ్లెం వాడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, వంట మానిన ఆ రాత్రి మిగిలే ముప్పావుగంటలో ఇంకో పని పెట్టుకోకండి. బట్టలు మడతపెట్టడానికి కూడా వద్దు. అమ్మ పక్కన కూర్చుని మీరూ తినండి. పక్కన మనిషి ఉంటే పెద్దవాళ్లు ఎక్కువే తింటారు. మీకు కూడా ఒక భోజనం తెప్పించుకోండి. ఆమెకు వేడిచేసి పెట్టి, మీరు సింకు దగ్గర నిలబడి మిగిలినవి తింటే ఈ ఏర్పాటు సగమే పనిచేసినట్టు.

అన్నయ్యతో వాదన పెట్టుకోవద్దు, పని పెట్టండి. "అమ్మకి మధ్యాహ్నం భోజనం కుదిర్చాను. నెలనెలా డబ్బు నువ్వు కట్టు, రోజూ ఒంటిగంటకు అమ్మకు ఫోన్ చేసి తిన్నదో లేదో కనుక్కో" అనండి. ఆ రెండూ ఏ ఊళ్లో ఉన్నా చేయొచ్చు. ఒంటిగంటకు కొడుకు ఫోన్ వస్తుందంటే అమ్మ అప్పటికి తినేసి కూర్చుంటారు కూడా. కాదంటే, సెలవు పెట్టి వచ్చి ఒక వారం వంట చేసి చూపించమనండి. కోపంగా అనకండి, మామూలుగానే అడగండి. వస్తే మీకూ ఒక వారం విశ్రాంతి దొరుకుతుంది.

మీరు కసురుకోవడం గురించి. అది చెడ్డతనం కాదు, అలసిపోయిన మనిషి లక్షణం. అయితే రాత్రి వంట తగ్గినా కోపం తగ్గకపోతే, పొద్దున లేవాలనిపించకపోతే, అమ్మతో పాటు మీరూ డాక్టరుకు చూపించుకోండి. అమ్మను చూపించేటప్పుడు పక్కన కూర్చుని అమ్మ గురించి మాట్లాడి వచ్చేయడం కాదు, మీ పేరు మీద అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి.

మొదట రెండు వారాలకే ఒప్పుకోండి, అమ్మకు కూడా రెండు వారాలనే చెప్పండి. గడువు ఉందంటే ఎవరైనా కాస్త మెత్తబడతారు. వారానికోసారి, అదే తూకం మీద, పొద్దున టిఫిన్‌కు ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. పళ్లెంలో ఎంత మిగిలిందో కూడా "సగం", "పావు", "ఖాళీ" అని ఒక్క మాట రాస్తే చాలు. బరువు నిలబడిందంటే ఇదే కొనసాగించండి. భోజనం నచ్చకపోతే పంపేవాళ్లను మార్చండి. నచ్చి తింటున్నా బరువు దిగుతూనే ఉంటే మాత్రం ఇంకో డబ్బా, ఇంకో డబ్బా అని కాలం గడపకుండా, ఆ క్యాలెండర్ పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.